అన్నయ్య గిటారు, నాన్న చెవులు

కరెంటు సరిగ్గా లేకపోవడమే మాకు అన్నం పెట్టిన కాలం ఒకటుండేది. ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు గానీ, తొంభైల్లో మైలవరం చుట్టుపక్కల పొలాల్లో ఓల్టేజి పడిపోయి ఎవరి మోటారు కాలినా అది ట్రాక్టరెక్కి వచ్చి మా నాన్న కొట్టు ముందే దిగేది. నాన్నది మోటారు వైండింగ్ కొట్టు. కాలిన రాగి తీగంతా ఊడబీకి, కొత్త తీగ చుట్టి, మోటారుని మళ్లీ తిరిగేలా చేయడం ఆయన పని. రైతు ఏడుపు మొహంతో వచ్చిన రోజున మా ఇంట్లో చేపల పులుసు. (తినేముందు చేసే ప్రార్థనలో నాన్న ఆ రైతు పేరు కూడా కలిపేవాడు. దేవుడి దగ్గర మాట రాకుండా చూసుకోవడం ఆయనకి తెలుసు.) డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నేను కూడా ఆ కొట్లోనే తీగ చుట్టేదాన్ని. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు అమ్మాయికి ఏం వచ్చని అడిగితే అమ్మ కుట్లూ అల్లికలూ అని చెప్పేది. నా గోళ్లలో వార్నిష్ చూసి, అది ఏ రకం అల్లికో అర్థం కాక, వాళ్లు జంతికలు తినేసి వెళ్లిపోయేవారు.

అన్నయ్య రోజూ బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్లేవాడు. అక్కడ లారీలకి చెక్క బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగం. ఆదివారం మాత్రం మా చర్చిలో గిటారు వాయించేవాడు. ఒకసారి గవర్నర్‌పేటలో పెళ్లిళ్లకి పాడే ఆర్కెస్ట్రా ఆయన దగ్గర బేస్ గిటారు చూశాడట, అంతే, మనిషి మనిషి కాకుండా పోయాడు. నాలుగే తీగలు, లావుపాటివి, పాట కింద గంభీరంగా మోగుతాయి. కొనే తాహతు ఎలాగూ లేదు కాబట్టి తానే చేస్తానన్నాడు. బేస్ అనగానే నాన్న, మోటారు కింద పోసే సిమెంటు దిమ్మ గురించి అనుకుని, దానికి తాపీ మేస్త్రీని పిలవాలి గానీ నువ్వెందుకురా అన్నాడు.

ఆర్కెస్ట్రా ఆయన పోనీలెమ్మని రెండ్రోజులకి తన ఫారిన్ గిటారు ఇచ్చాడు. అన్నయ్య దాన్ని పెరట్లో నవారు మంచం మీద పడుకోబెట్టి, కింద దుప్పటి పరిచి, పసిబిడ్డకి కొలతలు తీసినట్టు తీశాడు. లారీ బాడీల్లో మిగిలిన టేకు ముక్కలతో మెడ, పనస చెక్కతో ఒళ్లు. లోపల తీగల కదలికని పట్టుకునే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్టాలి, ఆ పని నాది. తుమ్మితే తెగే తీగ. చుట్లు లెక్కపెట్టుకుంటూ ఉండగా అమ్మ లోపల్నుంచి పప్పులో ఉప్పు వేశావా అని కేక వేసేది. నేను వేశానో లేదో చెప్పేలోపు లెక్క తప్పేది, మళ్లీ మొదటికి. ఆ నెలలో మా ఇంట్లో చాలా రోజులు పప్పు చప్పగానే ఉంది.

అసలు కథ మెడ దగ్గర వచ్చింది. గిటారు మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కడ్డీలు దిగగొట్టి ఉంటాయి. వేలు ఎక్కడ నొక్కాలో చెప్పేవి అవే. ఆ కడ్డీల మధ్య ఎడం పైన వెడల్పుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ ఇరుకైపోతుంది. అన్నయ్య దాన్ని చూసి జాలిపడ్డాడు. పాపం, ఈ చేసినవాడెవడో మొదట్లో ఉషారుగా మొదలెట్టి, చివర్లో చెక్క చాలక సర్దేశాడన్నాడు. లారీ బాడీలో పలకకీ పలకకీ మధ్య సందు తేడా వస్తే మేస్త్రీ బాడిత పుచ్చుకుని వెంటపడే షెడ్డులో పెరిగిన చెయ్యి కదా, ఊరుకోలేకపోయింది. ఫారిన్‌వాడి తప్పు దిద్ది, కడ్డీలన్నీ సమానమైన ఎడంతో, నిచ్చెన మెట్లలాగా, ముచ్చటగా కొట్టాడు. నేను స్కేలు పెట్టి చూసి శభాష్ అన్నాను కూడా.

ఆ ఆదివారం చర్చిలో ఏం జరిగిందో ఇప్పటికీ మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్పుకుంటారు. చర్చి ఆంప్లిఫయరుకి తగిలించాక, వేలు పెట్టకుండా మీటిన తీగ బాగానే పలికింది. వేలు పెట్టగానే పాట ఒక దారి, గిటారు ఒక దారి. ఆడవాళ్ల వైపు బెంచీలు రాగం పట్టుకున్నాయి, మగవాళ్ల వైపు బెంచీలు మర్యాద కొద్దీ అన్నయ్య వెంట వెళ్లాయి. రెండో చరణానికి ఎవరెక్కడ ఉన్నారో ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారు ఇక లాభం లేదనుకుని, పాట మధ్యలోనే కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. అన్నయ్య గిటారుని దుప్పట్లో చుట్టేశాడు. ఇంటికి వస్తుంటే నాన్న ఓదార్పుగా, "పాట బానే ఉందిరా. నీ గిటారే ఎక్కడా వినపళ్లా" అన్నాడు. ఊరంతా చెవులు మూసుకున్న దానికంటే ఈ మాటే అన్నయ్యకి ఎక్కువ తగిలింది.

తర్వాత ఆర్కెస్ట్రా ఆయన కడుపుబ్బ నవ్వి, తీగ పొట్టి అయ్యేకొద్దీ ఎడం కూడా తగ్గాలని వివరంగా చెప్పాడు. అన్నయ్య కడ్డీలన్నీ పీకేసి, ఊరూ పేరూ తెలియని ఆ ఫారిన్ మనిషికి గాల్లోనే క్షమాపణ చెప్పుకుని, కొత్త మెడ చేశాడు. ఆ గిటారు మాత్రం పలికింది. ఆ తర్వాత ఇంకొన్ని చేశాడు. గవర్నర్‌పేట నుంచి, అవతల గుడివాడ నుంచి కూడా ఆర్కెస్ట్రాల వాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఎక్కడా మేకు కొట్టలేదని చూపించడం అన్నయ్యకి సరదా. మెడ నున్నగా వచ్చిందో లేదో చేత్తో కాదు, చెంపకి ఆనించి చూసుకునేవాడు. షెడ్డులో పెయింటరు గరుడపక్షిని వేస్తానంటే, ఇది లారీ కాదని వారం రోజులు అతనితో మాట్లాడలేదు. నాకు కూడా గర్వమే. మా అన్న చేశాడు అని నేననేలోపే, తీగ మా చెల్లెలు చుట్టింది అని వాడనేవాడు.

కానీ వాడికి కావలసింది ఊళ్లవాళ్ల మెప్పు కాదు. ప్రతి ఆదివారం ఇంటిదారిలో నాన్నని అడిగేవాడు, ఇవాళ వినపడిందా అని. నాన్న ఆలోచించి, "పాట వినపడిందిరా" అనేవాడు. ఇంట్లో వాయించి చూపిద్దామంటే ఆంప్లిఫయర్ లేదు. అది లేకపోతే ఆ గిటారు చేసే చప్పుడు మంచం నవారు లాగినంతే. ఏళ్లు గడిచాయి, నాకు పెళ్లై నేను విజయవాడ వచ్చేశాను. (చివరికి వార్నిష్ గోళ్లని లెక్కచేయని మనిషి దొరికాడు.) పండక్కి వెళ్లినా, ఊరికే వెళ్లినా అన్నయ్య నాతో అదే మాట. "నాన్నకి ఒక్కసారి వినపడితే చాలమ్మా. బాగుందనక్కర్లా. వినపడిందంటే చాలు."

రెండువేలు దాటిన తర్వాత ఒక వానాకాలం అన్నయ్యకి పచ్చకామెర్లు వచ్చాయి. మామూలేనని పసరు మందు తాగాడు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికే ఆలస్యమైందన్నారు. ఇంతకు మించి దీని గురించి రాయలేను. నలభై కూడా నిండలేదు వాడికి.

భూస్థాపన ఆరాధనకి చర్చి నిండిపోయింది. వాడితో వాయించే కుర్రాళ్లే ఏడుస్తూ వాయించారు. బేస్ గిటారు గోడకి ఆనించి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మొదటి పాట సగంలో ఉండగా నాన్న నా చెయ్యి పట్టుకుని లాగాడు. ఆయన పాట వైపు చెవి ఒగ్గి, మోటారు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆ గుర్రు ఏదమ్మా?"

ఏ గుర్రు నాన్నా అన్నాను.

"అదేనమ్మా, ప్రతి ఆదివారం పాట కింద ఉండేది. ఆంప్లిఫయరు గుర్రుమంటందనుకున్నా. బేరింగు పోయిన మోటారు మాదిరి. చెబితే పిల్లోడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా."

నేను గోడ వైపు చూపించాను. అది ఆంప్లిఫయర్ కాదు నాన్నా, అన్నయ్యే అని చెప్పాను. మోటారులో గుర్రు వినపడకుండా చేయడమే వృత్తిగా బతికిన మనిషి, కొడుకు చేసిన మోతని అన్నేళ్లూ వింటూ, అది చెడిపోయిన సామాను చప్పుడనుకుని, వాడి పరువు కోసం దాచిపెట్టాడు. విన్నది విన్నట్టే చెప్పి ఉంటే వాడు ఎగిరి గంతేసేవాడు. నాన్న గిటారు వైపు తిరిగి, "మరి అంతా విన్నానమ్మా నేను. ఒక్క వారం కూడా వదల్లా" అన్నాడు. అని నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇప్పుడు నాన్నా లేడు. నేను విజయవాడలో మా చర్చి పాటల బృందంలో వెనక వరసలో నిలబడతాను. పాట మొదలవగానే నా గొంతు దానంతట అది కిందికి పోతుంది. అందరూ రాగం పాడుతుంటే నేను అన్నయ్య వాయించే వరసే పాడతాను, రాగం కింద, నెమ్మదిగా. మొన్నొకరోజు కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు ఆరాధన అయ్యాక నన్ను పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా, "మీకు రాగం కొంచెం అందట్లేదేమోనండీ" అన్నారు.

"మీకు వినపడిందాండీ" అన్నాను.

ఆవిడ ఇబ్బందిగా, వినపడిందండీ అన్నారు. నేను నవ్వుతూ రెండు చేతులూ జోడించేశాను. ఈ పెద్దావిడకి చాదస్తమేమో అనుకుని ఉంటారు, పాపం.