గాదె వెనక వంతు కర్ర

ఇన్నేళ్ళుగా ఒక కర్ర నా గుండెల మీద అడ్డంగా పడి ఉంది. జానెడు వేపకర్ర. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాత వంకరగా ఉంటుంది. నా పేరు అడగకండి. విషయం చదవండి.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో సంగతి. వెంకటాచలం పక్కన మా ఊళ్ళో ఒకే పిల్లకాలవ మీద అందరికీ నాట్లు. ఎవరి మడిలో వాళ్ళం పనిలో ఉంటాం, ఒకరికొకరం కనపడం. అందుకే కబురు పద్ధతి. నా మడి సగం తడవగానే కింది మడివాళ్ళకు గుప్పెడు నారు పంపాలి. అది అందితే వాళ్ళు నారు పీకడం మొదలుపెడతారు. మడి నిండితే నా తూము మూసి వంతు కర్ర పంపాలి. కర్ర చేతికి రానిదే వాళ్ళు తూము తీయకూడదు. రెండూ మోసేది కాలవ చూసే ఏసోబు.

ఆ పొద్దున గుప్పెడు నారు పంపాను. కింది మడి రమణమ్మ వదిన నారంతా పీకించింది. మధ్యాహ్నానికి నా మడి నిండింది, మెరకగా ఉన్న మూల తప్ప. ఆ మూలకు మళ్ళీ ఏతం వేయించడం దండగ, ఇంకాసేపు పారితే అదే తడుస్తుందని తూము మూయలేదు. కర్ర గాదె వెనక పెట్టాను. ఏసోబు రెండుసార్లు వచ్చాడు. ఇంకా నిండలేదని పంపేశాను. మూడోసారి వచ్చేలోగా పైన కాలవకు నీళ్ళు ఆపేశారు.

మర్నాడు వదిన వాడిపోయిన నారుకట్ట తెచ్చి నా గుమ్మంలో పడేసింది. వెనకే ఏసోబు.

"ఏంది, కర్ర మింగినావా? నీ మడి నిండలేదని చెప్పినాడే వీడు!"

"నిన్న మధ్యాన్నమే వాడి చేతికిచ్చినా. యాడ పారేసినాడో అడుగు."

ఏసోబు నా వైపు చూశాడు. "అమ్మ ఇచ్చినానంటే ఇచ్చినట్టే" అన్నాడు. అంతే.

వాణ్ణి కాలవ పనిలోంచి తీసేశారు. పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కృష్ణపట్నం ఉప్పుమళ్ళకు వెళ్ళిపోయాడు. వదిన మడి ఆ ఏడు బీడు.

నీళ్ళకోసం కర్ర ఆపాను, సరే. అబద్ధం దేనికోసం? నా గుమ్మంలో నేను తల దించుకోవాల్సి వస్తుందనా? రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఊరు కొత్త కర్ర చెక్కించుకుంది. ఎండుపుల్ల కూడా పారేయక పొయ్యిలో పెట్టే దాన్ని, ఆ పాత కర్రను మాత్రం పెట్టలేకపోయాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్ళి చూశాను. ఉంది.

వదిన పోయింది. ఏసోబు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో.

కర్ర వాడికి ఇవ్వలేదు. నా దగ్గరే ఉండింది. ఇప్పటికి ఈ రాతతో పంపుతున్నాను.