చావింటికి పచ్చి కూరగాయలు

వండినది ఏదీ అక్క ఇంకొకరి ఇంటికి మోసుకెళ్ళేది కాదు. ఆమెకున్న పిచ్చి అదొక్కటే. అదొక్కటే చాలు. పుట్టినరోజుకి పిలిస్తే కేకు బదులు పిండి, గుడ్లు, గిన్నె పట్టుకుని దిగేది. ఎవరైనా పోతే మరీ ఘోరం. అందరూ మూతపెట్టిన గిన్నెలతో వెళ్తుంటే, అక్క సంచీలో పచ్చి క్యారెట్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఓ కత్తి వేసుకుని బయల్దేరేది.

"చావింటికి కత్తేమిటి అక్కా?" అని చెల్లెలు తల బాదుకునేది.

"వాళ్ళది మొద్దుబారి ఉంటే?"

పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇద్దరూ ఒకే ఇంట్లో ముసలివాళ్ళవుతున్నారు. చెల్లెలు బడిలో లెక్కలు చెప్పేది. అక్క ప్రయోగశాలలో గాజు గిన్నెల్లో నరాల కణాలు పెంచేది. పిచ్చి అక్కడే అంటుకుందని చెల్లెలి అనుమానం.

"చూడవే, కణం ఉండేది వెన్నులో. దాని తోక కాలివేలి దాకా ఉంటుంది. ఆ చివర దెబ్బ తగిలిందనుకో, మరమ్మతుకి కావలసిన ప్రోటీన్‌ని వెన్నులో వండి పంపితే అది చేరేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. అందుకని ఎలా వండాలో చెప్పే ఆర్ఎన్ఏని మూటకట్టి పంపుతుంది. దారిలో విప్పడానికి వీల్లేదు. పట్టాలమీద కూలీల్లాంటివాళ్ళు లాక్కెళ్తారు. దెబ్బ తగిలిన చోట మూట విప్పి, అక్కడికక్కడే వండుతారు."

"అది కణం. నువ్వు మనిషివి."

"కణాలు లేని మనిషినొకణ్ణి చూపించు, మానేస్తాను."

వీధి చివరి దర్జీ భార్య పోయినప్పుడు చెల్లెలు కూడా వెళ్ళింది, సిగ్గుతో సగం చచ్చి. గది నిండా మనుషులు. గోడకి ఆనుకుని దర్జీ, మెడలో ఇంకా టేపుతోనే, రాయిలా కూర్చున్నాడు. అక్క తిన్నగా ఆయన ముందు సంచీ దించింది.

"వంటచేసే మనిషే పోయిందమ్మా," అన్నాడాయన.

"అందుకే వచ్చాను. లే. ఈ ఉల్లిపాయలు తరుగు. నాకు పడవు."

గదంతా గుసగుసలు. దర్జీ లేచి వంటగదిలోకి నడిచాడు. సాయంత్రం దాకా అక్క అక్కడే ఉండి ఆయనతో కలిసి సూప్ కాచింది. ఆ సూప్‌లో ఉప్పు ఎక్కువైంది. అక్క చేసిన ఏ సూప్‌లోనైనా ఉప్పు ఎక్కువే.

ఇంటికొస్తూ చెల్లెలు నిలదీసింది. "మనింట్లో రోజూ ఉల్లిపాయలు తరిగేది నువ్వే కదా! కంట్లో చుక్క నీరు రాదు. బయటికొస్తే పడవా?"

"ఒక్కో ఇంటి ఉల్లిపాయ ఒక్కో రకమే."

తరువాత జబ్బు అక్క పాదాల్లో మొదలైంది. వేళ్ళు ముందు మాట వినడం మానేశాయి, ఆపైన మోకాళ్ళు. జీవితమంతా నరాల చివళ్ళు చూసినదానికి డాక్టర్లు వేరే చెప్పక్కర్లేకపోయింది. "మూటలు కట్టడం మానలేదే, దారే మూసుకుపోయింది," అని మంచంమీంచి తన కాళ్ళని ఎవరి కాళ్ళనో చూసినట్టు చూసేది. చేతులు పోయాయి. ఊపిరి బరువైంది.

"నువ్వు పోతే నేనెలా బతకాలి, అది చెప్పు ముందు," అంది చెల్లెలు.

"నాకేం తెలుసు? అక్కడికక్కడ చూసుకో."

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఆఖరికి కూడా వండిపెట్టిన మాట ఒక్కటి ఇవ్వదు కదా అనుకుంది. ఆ కోపం చల్లారకముందే అక్క పోయింది. చెల్లెలికి ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో రాలేదు, మట్టి వేసినప్పుడూ రాలేదు. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. వంటగది గుమ్మం దాటలేకపోయింది. బల్లమీద జనం తెచ్చిన గిన్నెలు మూతలు తీయకుండానే చల్లారిపోతున్నాయి.

అప్పుడొచ్చాడు దర్జీ, సంచీతో. వెనకే కిందింటి నర్సు, ప్రయోగశాలలో గాజుసామాను కడిగే ఆవిడ. అందరి చేతుల్లోనూ పచ్చి కూరగాయలే. అక్క చేతిలో ఎప్పుడో ఒకప్పుడు బలైనవాళ్ళే అందరూ.

"మీరు కూడానా!" అంది చెల్లెలు.

"లేవండమ్మా," అన్నాడు దర్జీ. కత్తి, ఉల్లిపాయలు ఆమె ముందు పెట్టాడు. "మీరు తరగండి. మాకు పడవు."

"మీ ముగ్గురికీనా?"

"ముగ్గురికీ," అంది నర్సు మొహం తిప్పుకుని.

దర్జీ గొంతు తగ్గించాడు. "ఆ రోజు అక్కగారు నాకూ ఇవే ఇచ్చారమ్మా, క్యారెట్లు ముట్టుకోనివ్వలేదు. అంతమంది చూస్తుంటే మగాణ్ణి, ఎలా ఏడవను? ఉల్లిపాయ చేతిలో ఉంటే ఎవరూ అడగరు."

చెల్లెలు కత్తి, ఉల్లిపాయలు తీసుకుని వాళ్ళ వెనకే వంటగది గుమ్మం దాటింది. మొదటి ఉల్లిపాయకి ఏమీ కాలేదు. రెండోది సగంలో ఉండగా కళ్ళు మండాయి. తరువాత ఆమెకి కూరలు తరిగే పలక కనిపించలేదు, కత్తి కనిపించలేదు. వెక్కిళ్ళు పెడుతూనే తరిగింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. నర్సు పొయ్యి మీది సూప్‌లో ఉప్పు వేసింది, కావాలనే ఎక్కువ వేసింది.

"ఇంకోటి ఇలా ఇవ్వండి," అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ.

"సూప్‌కి ఇవి చాలమ్మా."

"సూప్ గొడవ నాకెందుకండీ? ఇవ్వండి ఇంకోటి!"