కోయని పేజీలు

ఏడేళ్లుగా ఈ ముక్క గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొమ్మిదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. అప్పట్లో న్యూయార్క్‌కి గంట దూరంలో, పిస్కాటవే దగ్గర పుస్తకాల గోడౌన్‌లో పని. నవ్వించడం ఒక్కటే నాకొచ్చిన విద్య.

ఒకరోజు ఫ్రాన్స్ నుంచి నాలుగు పెట్టెలొచ్చాయి. పారిస్‌లో ఓ మొగుడూ పెళ్లాం రెండు గదుల్లో నడిపిన ప్రచురణ సంస్థ. పెద్ద కంపెనీలు కొంటామని వెంటపడ్డా అమ్మలేదట. ఆ సంస్థ కథంతా ముసలాయన పుస్తకంగా రాసి, అచ్చు చూసుకుని పోయాడు. ఆ పుస్తకం కాపీలు మిగిలినవి ఆ నాలుగు పెట్టెలే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆరోజు నాకు కనిపించింది ఒక్కటే: పేజీలు అంచుల దగ్గర ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, మడతలు ఎవరూ కోయలేదు.

"అక్కా, ఫ్రెంచోళ్లకి కత్తెర దొరకలేదు చూడు," అన్నాను.

మేరీ అక్క నాతో పనిచేసేది. మా తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. పుస్తకం తిప్పి చూసింది. "అన్నీ ఒకేలా ఉన్నాయిరా. కావాలనే చేశారేమో. ఫోన్ చేసి అడుగుదాం."

"ప్రార్థన చెయ్యక్కా, వాటంతటవే తెరుచుకుంటాయి."

"నోరు ముయ్యి, వెధవా!" నవ్వుకుంటూ లంచ్‌కి వెళ్లింది.

ఆమె స్కానర్ బల్ల మీదే ఉంది. నాది తెచ్చుకోడానికి బద్ధకం. ఆమె లాగిన్‌తోనే డ్యామేజ్ అని కొట్టి, నాలుగు పెట్టెలూ కాగితాలు చీల్చే మెషిన్‌లో వేశాను.

వారం తర్వాత ఆ ముసలాయన భార్య వచ్చింది, న్యూయార్క్‌లో సభకి పుస్తకాలు తీసుకెళ్దామని. విషయం విని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సన్నటి కత్తి తీసి చూపించింది. మొదటి పుస్తకం నుంచీ వాళ్ల పద్ధతి అదేనట, మడతలు చదివేవాళ్లే కోసుకోవాలి. మేనేజర్ కంప్యూటర్‌లో చూశాడు. మేరీ అక్క పేరు. "నేను కాదు," అంది. నావైపు చూసింది.

నాకేం తెలీదన్నాను. ఇంగ్లీషులో. బడిలో ఎన్నడూ రాని ఇంగ్లీషు ఆ ఒక్క మాటకి తడబడకుండా వచ్చింది.

సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

భయపడి అన్నానా? భయమైతే ఒక్కరోజు. ఆ తర్వాత పిక్నిక్కుల్లో, బర్త్‌డేల్లో అదే కథ, కత్తెర జోకు నాదిగా ఉంచుకుని, తెలివితక్కువ పని అక్కదిగా మార్చి, ఏళ్ల తరబడి చెప్పుకుతిరిగానే, దానికేం పేరు పెట్టను? ఒకసారి ఆమె కూడా ఉంది. బిర్యానీ వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. పిల్లలు "అంకుల్, అగైన్!" అన్నారు. నేను మళ్లీ చెప్పాను. ఆ నోరు నాదే.

ఆమె ఎప్పుడూ అడగలేదు. క్షమించిందా? అడగడానికి కూడా అసహ్యమేసిందేమో. ఆమె ఎదురుగా చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

మెషిన్‌లో వేసింది నేను. అబద్ధమాడింది నేను. రాశాక మనసు కాస్త తేలికపడింది. అందుక్కూడా సిగ్గుగానే ఉంది.