ఖర్జూరం డబ్బాలో తడి

పదేళ్ల కిందట విడవలూరు బస్సులో, పది కిలోల ఖర్జూరం పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా భార్యకు రక్తం తక్కువగా ఉందని నెల్లూరులో టోకున కొన్నాను. పక్క వరుసలో ఉన్న పెద్దావిడకు ఒక పండు ఇచ్చాను. ఆమె దాన్ని చీల్చి, గింజ తీసి, వెలుతురుకు పట్టి చూసి అప్పుడు నోట్లో వేసుకుంది.

“ఏందక్కా, నా పండు మీద అనుమానమా?” అన్నాను.

“అలవాటన్నా. కువైట్‌లో వంటపని చేసినా గదా. పైకి నున్నగానే ఉంటాది, పురుగు లోపలుంటాది. ఇంటికి పోయి కడగబాకన్నా, తడి తగిలితే డబ్బా అంతా పులిసిపోతాది. తినేటప్పుడే కడుక్కోవాల.”

నాకు చెప్పొచ్చిందే అనుకుని మొహం తిప్పుకున్నాను.

ఇంటికి రాగానే దుమ్ము పోవాలని పండ్లన్నీ జల్లెడలో పోసి కడిగి, ఆరకముందే స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. నెల తిరక్కుండానే పులిసిన వాసన వచ్చింది. “తడి చేతులు పెట్టుంటావు” అని నా భార్యను చుట్టాల ముందే అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని డబ్బా లోపలికి తీసుకెళ్లింది. ‘తడిచేతి వదిన’ అనే ఎగతాళి మా ఇళ్లలో నిలిచిపోయింది. ఆ చుట్టాలకు కూడా తెలియాలనే ఇది రాస్తున్నాను.

మొన్న మళ్లీ ఖర్జూరం తెచ్చి, కడగకుండా ఒక్కొక్కటీ చీల్చి చూసి గాజు సీసాలో పెడుతున్నాను.

“ఎవరు నేర్పించినారు మీకు?” అంది నా భార్య.

బస్సులో ఆవిడ చెప్పిన మాటలూ, పండ్లు కడిగింది నేనేనన్న సంగతీ చెప్పాను.

“తెలుసులే. ఆ రోజు తడి జల్లెడ ఎత్తిపెట్టింది నేనే గదా” అని నవ్వింది.

తర్వాత, పొడిగానే ఉన్న చేతిని ఎప్పటిలాగే కొంగుకు తుడుచుకుని సీసాలో పెట్టింది.