తలకాయలు కొలిచిన పెద్దమనిషి

నా చిన్నప్పుడు మా వాడ పిల్లల తలకాయలు కొలవడానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. నవ్వులాటకు చెప్తున్న మాట కాదిది. చెప్పులు కుట్టాలంటే కాళ్లు కొలవాలని మాకెరుక, మా ఇంట్ల పొద్దంత అదే పని. చదువు చెప్పాల్నా వద్దా అని తలకాయలు కొలుస్తరని మాత్రం అప్పుడే ఎరుకైంది. కాలు కొలిచినోడు చెప్పులన్న చేతికిస్తడు. తలకాయలు కొలిచినాయన మాకేమిచ్చి పోయిండో చెప్పాల్ననే ఇది రాస్తున్న. నాకు అక్షరాలు యాభై ఏండ్లు దాటినంక వచ్చినయి. రాత వంకరుంటే ఉండనీ, చెప్పేది వంకర లేకుంట చెప్త.

నిజాం రాజ్యం ఇంక నడుస్తున్న రోజులవి. సిద్దిపేటల మా వాడ ఊరికి ఎడంగ, గాలి ఊరి దిక్కు వీచని మూలకుండె. మాది తోలు పని. ప్రతి ఇంటి పక్కన ఒక లంద ఉండేది, అంటే తంగేడు చెక్క వేసిన నీళ్లల్ల పచ్చి తోళ్లు నానబెట్టే తొట్టి. ఆ వాసనలనే పుట్టినం, ఆ వాసనలనే అన్నం తిన్నం, మాకది వాసనే కాదు. ఊరోళ్లకు మేం కుట్టిన చెప్పులు కావాలె, బాయిల నీళ్లు తోడాలంటే మేం కుట్టిన తోలు బొక్కెన కావాలె. వాసన ఒక్కటే వద్దు.

మా వాడల మొదట బడికి పోయినోడు మా అన్న. పోయిండంటే లోపలికి పోయిండనుకునేరు. మా అన్న, వాని తోటి ఇంకిద్దరు ముగ్గురు పోరగాండ్లు, బడి మెట్ల కింద ఎండల కూసునేది. పంతులు లోపల, లోపలి పిల్లల దిక్కు మొహం పెట్టి, మా ఇండ్లల్ల ఎవ్వరం మాట్లాడని ఉర్దూల చెప్పేటోడు. వీపు తోటి చెప్పిన పాఠం మెట్లు దిగుతదా. పలక చూపియ్యాలంటే మావోళ్లు దాన్ని నేల మీద పెట్టి వెనకకు జరగాలె, ఆయన కట్టె కొస తోటి దాన్ని తిప్పి చూసేటోడు. తప్పుంటే మొద్దు అనేటోడు. ఒప్పుంటే ఏమనకపోయేటోడు. నేను ఆడపిల్లను, నాకు ఆ మెట్ల కింది జాగ సుత లేదు. మధ్యాహ్నం అన్నకు జొన్నరొట్టె తీసుకపోయినప్పుడల్ల ఇవన్ని నిలబడి చూసిన.

లోపలి పిల్లలకు పాఠం విసుగుపుడితే కిటికీల నుంచి మావోళ్ల మీద గులకరాళ్లు వేసేటోళ్లు. తగిలిందని లేస్తే పంతులుకు లేచినోడే కనపడేటోడు, రాయి కనపడకపోయేది. ఒకనాడు మా అన్న పొద్దటి నుంచి కష్టపడి రాసుకున్న పలకను లోపలి పిల్లగాడొకడు కాలు తోటి రుద్ది చెరిపేసిండు. మా అన్న అదే పలక తీసి వాని నుదురు మీద కొట్టిండు. నెత్తురు కారింది. ఇగ చూడాలె ఆ లొల్లి. కాలు తోటి చదువును తుడిపేసినోడు పిల్లగాడు, కొట్టినోడు రౌడి. వాడ పిల్లలను బడికి రావద్దని పంతులు ఆనాడే పంపేసిండు. సర్కారు డాకు బంగ్లాల దిగిన పట్నం పెద్దమనిషి ఒకాయన ఉన్నడు, ఏ జాతోళ్లకు కోపమెక్కువ, ఏ జాతోళ్లకు చదువెక్కదు అని ఊరూరు తిరిగి చూసి పుస్తకం రాస్తున్నడు, ఆయన ఎట్లంటే అట్ల అన్నడు. అంటే మా అన్న మళ్ల బడి మెట్ల కింద కూసునేది లేనిది ఆ మనిషి నోటి మాట మీద ఉన్నదన్నట్టు.

మా నాయిన ఆ మాట నమ్మిండు. పెద్ద చదువు చదివినాయన గద, అడిగి తెలుసుకుంటడు, న్యాయం చెప్తడు అనుకున్నడు. మా అన్నకు మా అవ్వ, అంటే కన్నతల్లి, తలస్నానం చేయించి, నూనె పెట్టి, ఉతికిన అంగి తొడిగి, మిగిలిన పోరగాండ్ల తోటి బడి కాడికి పంపింది.

ఆయన అడిగింది ఏంలేదు. పెట్టె తెరిచి పీత కాళ్ల లెక్క రెండు కొండ్లున్న ఇనుప సామానొకటి తీసిచ్చిండు. మా పిల్లలను ముట్టొద్దు గద, అందుకే ఆయన వెంట వచ్చిన జవాను దాన్ని తలకాయలకు అటు ఇటు బిగించి పట్టిండు. ఆయన ఎడంగ నిలబడి, ముక్కుకు అత్తరు రుమాలు అడ్డం పెట్టుకుని, చూసి రాసుకున్నడు. ముక్కు పొడుగు, నుదురు వెడల్పు, చెవి నుంచి చెవి దాక. అయినంక ఆ ఇనుమును జవాను తోటి కడిగిచ్చిండు. తలకాయ లోపల ఏమున్నదో చెప్పే మొనగాడు పైన ముట్టడానికే జంకిండు. పలక తుడిపేసిన పిల్లగాని తలకాయ కొలవలేదు. లోపల కూసునేటోళ్ల తలకాయ ఒక్కటి సుత కొలవలేదు. అవి సక్కగ ఉన్నయని ఆయనకు చూడకుంటనే ఎరుక.

ఆ తర్వాత పంతులు తోటి మా అన్న ముందటనే అన్నడు, "ఈ తలల్లో కోపానికి చోటుంది గాని, చదువుకు లేదు."

నెత్తికి నూనె పెట్టుకుని పోయినోడు ఆ నెత్తినే రెండు చేతుల తోటి పట్టుకుని ఇంటికొచ్చిండు. అన్నం తినలే. గోడకు ఒరిగి, నుదురు మీద చేయి, చెవి మీద చేయి, తడుముకునుడే తడుముకునుడు. నన్ను దగ్గరికి పిలిచి నా తలకాయ మీద జాన పెట్టి చూసిండు, తన తలకాయ మీద పెట్టి చూసిండు. నాది నీదాని కంటే చిన్నగున్నదా అని అడిగిండు. మా అవ్వ ఏడ్చింది. మా నాయిన లంద కాడికి పోయి తోళ్లు తిప్పుకుంట కూసున్నడు. మా మేనత్త ఒక్కతే ఏడ్వలేదు, కూసోలేదు. ఆమె నాయినకు చెల్లె, అత్తగారింట్ల పడలేక వచ్చి మా దగ్గరనే ఉండేది. మొగోళ్ల తోటి సమానంగ, తోలుకు తూట్లు పొడిచే ఆరె పట్టి చెప్పులు కుట్టేది. ఆమె నోటికి మా వాడ మొగోళ్లు సుత సందు తిరిగి పోయేటోళ్లు. ఆమె మా అన్నను చానసేపు చూసింది. రేపు ఆ పెద్దమనిషి మన ఇండ్ల కాడికి వస్తడట గద, ఆడోళ్లను అడుగుతడట గద అని ఒక్కమాట అడిగి, చింతగింజలు ఏరిపెట్టమని నాకు చెప్పింది.

తెల్లారి ఎండెక్కినంక వచ్చిండు. మా ఇండ్లల్ల తాగుడెంత, తన్నుకునుడెంత అడిగి రాసుకోవాలె. లోపలికి తొంగి చూసి, కూసునేందుకు జాగ ఏడున్నదన్నడు. మా మేనత్త చేతులు జోడించింది. అంత వినయం ఆమెల ఎన్నడు చూడలే.

"బాంచెన్ దొరా, లోపలికొస్తె మీకు మైల. గాడ కూసోండ్రి."

లంద పక్కన, ఎండల, గోనెసంచి పరిచి ఉన్నది. గుడిసె గుమ్మానికి, దానికి మధ్యన, బడి గుమ్మానికి మావోళ్లు కూసునే జాగకు ఎంత ఎడముంటదో అంతే ఎడం. ఆయన ఏమంటడు, మైల ఆయన కట్టుకున్న కంచెనే గద. రుమాలు ముక్కుకు పెట్టుకుని కూసున్నడు. జవాను దూరంగ గోడ నీడకు పోయిండు.

మా మేనత్త లోపల మమ్మల్ని తన ముందల కూసోబెట్టుకుని, ఆయన దిక్కు వీపు పెట్టింది. ఆయన అడిగిన ప్రతిదానికి జవాబు చెప్పింది. ఒక్కటి సుత ఎగ్గొట్టలే. కాని మాకు చెప్పినట్టు, మెల్లగ, సగం మాటలు మా తోలు పనోళ్లకే తెలిసే మాటలు కలిపి చెప్పింది. ఆయనకు గొణుగుడే వినవడ్డది. గట్టిగ చెప్పుమన్నడు. ఆమె చెప్పిన దొరా అని ఇంక మెల్లగ చెప్పింది. మళ్ల అడిగిండు. అప్పుడు మా మేనత్త నాకు సైగ చేసింది. తడికె సందుల నుంచి నేనొక చింతగింజ విసిరిన. ఆయన టోపీ మీద టక్కుమన్నది. ఆయన కాకి ఏమన్న వేసిందేమో అన్నట్టు పైకి చూసిండు. ఇంకొకటి. ఇంకొకటి. మా అన్న గోడ కాడ నుంచి లేచి వచ్చి తడికె సందుల కన్ను పెట్టిండు.

ఎవడు వాడు అని పెద్దమనిషి అరిచిండు. మా మేనత్త తిరిగి చూడకుంటనే, ఎవరు లేరు దొరా, మీరు పాఠం మీద మనసు పెట్టుండ్రి అన్నది. పంతులు ఎట్లనేటోడో అట్లనే అన్నది, ఆ గొంతు సుత అచ్చం దించేసింది. మా అన్న మూతి మీద చేయి పెట్టుకున్నడు. ఇగ ఆఖరికి ఆమె లేచి గుమ్మంల నిలబడి, ఇంతసేపు నేనేం చెప్పిన్నో తిరిగి చెప్పుండ్రి అని అడిగింది. ఆయన మొహం ఎర్రబడ్డది. నువ్వేం చెప్పినవో నాకెట్ల వినవడతది అన్నడు. ఆమె మొద్దు అన్నది. పెద్దగ అనలే. సుద్దముక్క కిందవడ్డంత సప్పుడు తోటి అన్నది.

ఆయన లేచి గుమ్మం దాక వచ్చిండు. చేతి కట్టె లేపి ఒక్క ఊపు ఊపిండు. గుమ్మంల ఉన్న మా నీళ్ల కుండ పగిలి ఇల్లంత తడిసింది. కట్టె మళ్ల లేచింది, ఈసారి ఆమె మీదికే. మా మేనత్త జరగలే. కుండ పగిలిన నీళ్లు కాళ్లకు పారుతుంటే అట్లనే నిలబడి అన్నది,

"మీరు కూసుని పూట సుత కాలేదు దొరా, మా పోరగాండ్లు ఏడాది కూసున్నరు. జవానును పిలువుండ్రి, ఇప్పుడు మీ తలకాయ కొలిపిచ్చుకోండ్రి."

లేచిన కట్టె గాలిలనే ఆగింది. గోడ నీడల జవానుకు దగ్గొచ్చింది, అది దగ్గు కాదని పసిపిల్లకు సుత ఎరుకైతది. అప్పుడు మా అన్న నవ్విండు. పొట్ట పట్టుకుని, తడిసిన నేల మీద కూలబడి నవ్విండు. పొట్ట పట్టుకోవాలంటే తలకాయ మీది చేతులు దించాలె గద. దించిండు.

ఆ పెద్దమనిషికి సిగ్గొచ్చిందని, మారిండని మీరనుకుంటే మీకు పెద్దమనుషుల సంగతి తెల్వదన్నట్టు. అసొంటోళ్లకు సిగ్గు అంటే ఏందో ఎరుకలేదు. వాళ్లకు తగిలిన దెబ్బ కనపడ్డది, వేసిన దెబ్బ కనపడలే. మా వాడ ఆడోళ్లు సుత పొగరుబోతులని రాసుకున్నడని తర్వాత జవానే చెప్పిండు. బడికి రానియ్యద్దన్న మాట అట్లనే ఉన్నది. ఊరి పటేలు మా నాయినను పిలిపిచ్చి, మేనత్త నోటికి శిక్షగ ఆ పెద్దమనిషి పెట్టెలన్ని, ఆ ఇనుప పీతతో సహా, తర్వాతి మకాం దాక నెత్తిన మోపిచ్చిండు. పైస ఇచ్చుడు ఏడిది, అది వెట్టి. కొలిచినోని సామాను కొలిపిచ్చుకున్నోని తండ్రి నెత్తి మీదనే పోయింది. చదువుకు చోటు లేని నెత్తి మూటకు మంచిగనే సరిపోయింది.

తిరిగొచ్చిన మా నాయిన మెడ పట్టేసి మూలుక్కుంట పండుకుని, చెల్లె మీద అరిచిండు. నీ నోటి తీట తీరింది, పోరని బడి పోయింది, ఏం బాగుపడ్డం అన్నడు. మా మేనత్త ఆముదం వెచ్చవెట్టి ఆయన మెడకు రాసుకుంటనే జవాబు చెప్పింది.

"బడి రాదని నాకెరుకే అన్నా. ఆ కొలిచినోడు ఈడికి రాకముందే రాసుకుని వచ్చినోడు. పోరడు నెత్తి పట్టుకుని కూసున్నడు, ఆ చెయ్యి దించాల్నని చేసిన."

మా నాయిన మెడను ఇంకింత ఆమె చేతి కిందికి వంచిండు.

మా అన్న మళ్ల బడి ముఖం చూడలే. తోలు పనిలనే బతికి, తోలు పనిలనే పోయిండు. కాని చదువు నాకు రాదు అన్న మాట ఆయన నోట ఎన్నడు వినలే. నన్ను చదువుకోనియ్యలే అనేటోడు. ఆ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో పెద్ద చదువులోళ్లకు ఇప్పటికి అందలే. నేను నెరిసిన నెత్తి తోటి వాడల రాత్రిబడికి పోయి పలక పట్టినప్పుడు, ఈ వయసుల నీకెందుకే అని నవ్వినోళ్లున్నరు. నేను పోయి ముందటి వరుసల, చెప్పేటామె మొహం కనపడే కాడ కూసున్న. అక్షరాలు వచ్చినయి. నా తలకాయ పెరగలేదు, అప్పుడెంతుండెనో అంతే ఉన్నది. కూసున్న జాగ మారింది.

అడిగి రాసుకపోయేటోళ్లు ఇప్పుడు సుత వస్తున్నరు. ఇనుప పీతలు లేవు, చేతుల ఫోన్లున్నయి, మాట మెత్తగున్నది. మీ బస్తీల కొట్లాటలెందుకెక్కువ, మీ పిల్లలు బడి ఎందుకు మానుతున్నరు అని అడుగుతరు. నేను చాయ పోసి, నీడకు కుర్చీ వేసి, మీరు ముందుగాల మా పిల్లలు కూసునే బడికి పోయి చూసిన్రా అని అడుగుత. అది మా పనిల లేదమ్మా అంటరు. అయితే చాయ తాగి పోండ్రి అంట. చింతగింజలు ఏరే ఓపిక నాకిప్పుడు లేదు.

మొన్న మా మునిమనుమడు బడి నుంచి వచ్చి, సంచి మూలకు విసిరేసి, నా బుర్ర మంచిది కాదటనే అని నుదురు పట్టుకుని కూసున్నడు. వాని చెయ్యి పట్టి కిందికి దించిన. ఏ వరుసల కూసోబెట్టిన్రు బిడ్డా నిన్ను అని అడిగిన.