ప్రార్థన అయినంక వచ్చే అక్క

మంగళవారం పొద్దున పాస్టరమ్మ ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా" అన్నది. ఏ అక్క అని నేను అడగలేదు. బూర్గంపాడులో మా చర్చి వాళ్లందరికీ అక్క అంటే ఒక్కతే. బియ్యం చాట కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న.

పాల్వంచలో ఒక కంపెనీ ఆఫీసులో అక్క పెద్దసారుకు సెక్రటరీ. నేను ఆమె కింద టైపిస్టుగా చేరిన. కొప్పులో పెన్సిలు, మెడలో కళ్లద్దాల తాడు. సార్లు మారిండ్రు, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినయి, అక్క కుర్చీ మాత్రం ఆ తలుపు పక్కనే ఉన్నది. నేను కొట్టిన ఉత్తరంలో తప్పుంటే దిద్దేది కాదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, "ఇంకోసారి సదువుకో" అనేది. తప్పు నేనే వెతుక్కోవాలి.

చర్చిలో ముందు వరుస చివర కూర్చుని పాస్టరుగారి ప్రసంగమంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. "అంత రాసి ఏం చేస్తరమ్మా?" అని ఆయన ఒకసారి మురిసిపోతూ అడిగిండు.

"నిరుడు ఈస్టర్‌కు గూడ ఇదే చెప్పిండ్రు అయ్యగారూ, కావాలంటే సూస్కోండి" అన్నది అక్క. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్విండు.

మా ఆయనకు పక్షవాతం వచ్చినంక నేను ఉద్యోగం మానేసిన. చర్చికి పోవుడు కూడా మానేసిన. లేపుడు, కడుగుడు, తినిపించుడు, మళ్ల లేపుడు. చూడవచ్చిన వాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, చాయ తాగి పోయేటోళ్లు. అక్క రిటైరైన ఏడాది అది. ఓ ఆదివారం మధ్యాహ్నం సారపాకలో మా ఇంటి ముందు షేర్ ఆటో దిగి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. నేను గడపకు అడ్డంగా నిలబడ్డ.

"ప్రార్థన చేయనీకైతే రాకక్కా. నాకు ఓపిక లేదు."

"ప్రార్థన పొద్దుగాల్నే అయిపోయింది. నువ్వు పోయి పండుకో. ఆయన్ని నేను సూస్కుంట."

నేను లేచేసరికి ఎండ దిగిపోయింది. అక్క ఆయన గోళ్లు తీసి, పేపర్లో పెండ్లి ప్రకటనలు ఒక్కొక్కటి చదివి వినిపిస్తున్నది. మాట పడిపోయిన మనిషి, ఒక పక్క మూతితోనే నవ్వుతున్నడు.

ఆయన పోయేదాకా, నాలుగేండ్లు, ఆదివారం మధ్యాహ్నాలు అక్క చూసుకున్నది. గోదావరి పొంగి రోడ్డు మునిగినప్పుడే రాలేదు. చర్చికి రమ్మని ఒక్కనాడూ అనలేదు. నేనే ఒకసారి అడిగిన, "నీకు విసుగు పుట్టి యాష్టకు రాదా అక్కా?"

"రాకేం, వస్తది. వచ్చినా కూసుంట. సెక్రటరీ పని సగం కూసునుడే గద."

పోయిన ఎండాకాలం అక్కే మంచాన పడ్డది. ఆమె చెల్లెలి బిడ్డ తన దగ్గర పెట్టుకుని చూసుకున్నది. నేను వారం వారం పోయి కూర్చున్న. చివరి ఆదివారం పోలేదు. జ్వరం లేదు, ఇంటికి చుట్టాలు రాలేదు. రోడ్డు దాకా పోయిన, ఆటో ఆగింది, ఎక్కబుద్ధి కాలేదు. అలసిపోయిన, అంతే. రెండు రోజులకు ఫోను వచ్చింది. శవం పక్కన కూర్చుని ఆ సంగతి చెల్లెలి బిడ్డకు చెప్పిన.

"పెద్దమ్మ అడిగింది నీ గురించి" అన్నది ఆమె. "ఫోన్ చేస్తనంటే వద్దన్నది. 'అది పండుకున్నదేమో, లేపకు' అన్నది."

అప్పుడు ఏడ్చిన, కొంగు నోట్లో కుక్కుకుని.

సమాధుల తోటకు నడిచే పోయినం. ముసలోళ్లు ఎక్కువ, నడక మెల్లగా సాగింది. జామాయిల్ కర్రతో కాగితం మిల్లుకు పోయే లారీ ఒకటి మా వెనుక వచ్చింది. పక్కనుంచి పోయే జాగ ఉన్నది. డ్రైవర్ పోలేదు, హారన్ కొట్టలేదు. దాని వెనుక ఇంకొకటి, ఆ వెనుక ఇంకొకటి చేరినయి. మేము మట్టి బాటలోకి తిరిగేదాకా, పచ్చి కర్ర వాసన మోసుకుంటూ, ఆ లారీలు మా ముసలి నడకకు తగ్గట్టు వెనకాలే వచ్చినయి.