బాపు ఊదిన గీత

మొన్న మా చెల్లెలి మనవరాలు సెలవులకు వచ్చి, నా పక్కన కూలబడి, తన ఫోన్‌లో నా పేరు కొట్టి చూసింది. ఈ పిల్లా నా దారినే పట్టి, జబ్బుల మీద పరిశోధనలో చేరింది లెండి. నేను ఉద్యోగమంతా రాసిన వ్యాసాలు వరసగా వచ్చాయి, ఒక్కోదాని పక్కన ఒక అంకె. లోకంలో ఎంతమంది తమ రాతల్లో ఆ వ్యాసాన్ని ఉదహరించారో చెప్పే అంకెట అది. హైదరాబాదులో పెద్ద పెద్ద యంత్రాలు పెట్టుకుని, కళ్ళద్దాలు మార్చుకుంటూ రాసినవాటిని అడిగిన నాథుడు లేడు గానీ, అన్నిటికంటే ముందు రాసిన గని కార్మికుల ఊపిరి మీది వ్యాసం మాత్రం మిగతావాటిని వెనక్కి నెట్టి కూర్చుంది. "గీ ఒక్కదాన్నే గింతమంది ఎందుకు పట్టుకున్నరు అమ్మమ్మా?" అంది పిల్ల. చెప్పాలంటే మా నాన్న, మా బాపు దగ్గర మొదలుపెట్టాలి.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గోదావరిఖనిలో షిఫ్టు సైరన్‌తోనే పొయ్యి వెలిగేది, సైరన్‌తోనే పిల్లలు బడికి లేచేవారు. మా బాపు గని లోపల బొగ్గు కొట్టే మనిషి. నేను వైద్య కళాశాలలో పరిశోధన చేస్తూ, గట్టిగా ఊదితే కాగితం మీద గీత గీసే యంత్రాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మా క్వార్టర్ ముందు బల్ల వేసుకు కూర్చున్నాను. బొగ్గు దుమ్ము మనిషి ఊపిరిని ఏ వయసుకు ఎంత తింటుందో తేల్చాలని నా ఉబలాటం.

తీరా చూస్తే అంతా తలకిందులు. గనిలో పనికి ఇక పనికిరాడని డాక్టరు రాస్తే అన్‌ఫిట్ అనేవారు. అలా దిగిపోయినవాడి ఉద్యోగం కొడుక్కి వచ్చేది. నా యంత్రమూ ఆ అన్‌ఫిట్ పరీక్షేనని కాలనీ అంతా పొక్కింది. ఇంకేం, ఇంట్లో పనిలేని కొడుకున్న పెద్దవాళ్ళు వేడి చాయ్ చల్లార్చుకుంటున్నట్టు ఊదారు. ఉద్యోగం పోతుందని జడిసినవాళ్ళు తమ పేరు మీద దిట్టమైన బామ్మర్దులను పంపారు. ఒకే గుబురు మీసం మూడు పేర్లతో వచ్చి ఊదిపోతే, ఖనిలో మీసాలకు కొదవా అనుకున్నాను నేను!

హైదరాబాదులో మా గురువుగారు ఆ గీతలు చూసి, ఇవి దేనికీ పనికిరావు, వేరే అంశం చూసుకోమ్మా అని మెత్తగానే చెప్పారు. ఒక్క అవకాశమివ్వమని బతిమాలి ఇంటికొచ్చి, మా అవ్వ, అంటే అమ్మ, ముందు కూర్చుని ఏడ్చాను. షిఫ్టు దిగి వచ్చిన బాపు అన్నం తింటూ అంతా విన్నాడు. నిజానికి అప్పటిదాకా ఆయనా ఊదలేదు. అడిగినప్పుడల్లా "రేపు ఊదుత తియ్" అని తప్పించుకుంటే అలసట కాబోలనుకున్నాను.

ఆ ఆదివారం బాపు తన జతగాళ్ళను చాయ్‌కి పిలిచి, అందరి ముందూ బల్ల దగ్గర కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని ఉన్న బలమంతా పెట్టి ఊదాడు. గీత కొంచెం లేచి వాలిపోయింది. దగ్గు తెర వదలడానికి చాలాసేపు పట్టింది. బొగ్గు కొట్టడంలో ఆయనకు పెట్టింది పేరు. ఈ సంగతి పైవాళ్ళ చెవిన పడితే అన్‌ఫిట్ రాస్తారు, ఆ ఉద్యోగం అందుకోవడానికి మా ఇంట్లో కొడుకూ లేడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది కంపెనీది కాదు, నా బిడ్డ సదువుది. ఎవ్వల పేరూ బయటవెట్టనని మాటిచ్చింది. నా ఊపిరి గింతే ఉన్నది, దాసుకుంటె పెరుగుతదా? మీకున్నంత మీరు ఊదున్రి," అన్నాడు బాపు.

ఆ మీసాలాయనే ముందుకొచ్చి, "ఈసారి నా పేరు మీదనే ఊదుత చెల్లె" అన్నాడు. అంత దగ్గులోనూ బాపు నవ్వాడు. ఆ తర్వాత ఆదివారమొస్తే మా క్వార్టర్ల ముందు జాతరే. అవతలి గనుల దగ్గరి సెంటినరీ కాలనీ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. బాపు సంగతి ఒక్కరి నోటినుంచీ బయటికి పోలేదు. నా పోరు పడలేక తర్వాత ఆయనే అడిగి, గని పైన దీపాలిచ్చే గదికి మారాడు.

పాత గీతలన్నీ పారేసి, ఈ కొత్తవాటితో రాసిన వ్యాసం అచ్చయ్యాక తెచ్చి చూపించాను. ఇంగ్లిషు రాని బాపు, "ఇందుల నేనేడున్న?" అన్నాడు. మనిషికో చుక్కతో నిండిన బొమ్మలో అట్టడుగున ఉన్న చుక్కను చూపించాను. గోటి సందుల్లో బొగ్గు వదలని వేలితో దాన్ని తడిమి, "మంచిగనే కూసున్న" అన్నాడు.

ఇప్పుడు పెద్ద పెద్ద గుంతలు తవ్వి యంత్రాలే బొగ్గు తీస్తున్నాయి. ఊపిరి కొలిచే పరికరం అరచేతిలో ఇమిడిపోతోంది. ఏసీ గదిలో ఒక్కొక్కరే ఊది, చీటీ తీసుకుని వెళ్ళిపోతారు. మంచిదే, కాదనను. కానీ ఒకడి ఊపిరి తగ్గిందని పదిమందికీ తెలిసి, ఆ పదిమందీ దాన్ని కడుపులో పెట్టుకున్న కాలం నాది. ఆ మనుషుల రుణం నేనేం పెట్టి తీర్చగలను?

పిల్ల ఫోన్‌లో ఆ బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. బాపు అక్కడే ఉన్నాడు, అట్టడుగున. ఆయన పోయి చాలా కాలమైంది, చివరికి ఊపిరి చాలకే పోయాడు. ఆ ఊపిరి మాత్రం ఆయన పేరైనా తెలియనివాళ్ళకు ఇంకా పనికొస్తూనే ఉంది.